వృక్షదినోత్సవానికి ఆద్యుడు – స్టెర్లింగ్ మోర్టన్

మొక్కను నాటేవాడొకడు, దాని నీడన సేదదీరేవాడు మరొకడు. ఈ సత్యాన్ని గుర్తెరిగి, చెట్లు నాటడానికై సంవత్సరంలో ఒక దినాన్ని కేటాయింపజేసిన దీక్షాపరుడు జూలియస్ స్టెర్లింగ్ మోర్టన్.

ఆయన 1832 ఏప్రిల్ 22న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. మిచిగన్‌లో విద్యాభ్యాసం సాగింది. 1854లో కరోలిన్‌ను వివాహమాడి, ఆనాడే సతీసమేతంగా పశ్చిమదిశనున్న నెబ్రాస్కాకు పయనమయ్యారు. అది కనుచూపుమేర గడ్డి తప్ప చెట్టు అరుదైన మైదానం. వంటచెరకుకు కొరత, ఇంటి దూలానికి కొరత. ఈదురుగాలికి అడ్డు లేదు. వలసవచ్చిన రైతులు గడ్డివేళ్ళతో కూడిన మట్టిపెళ్ళలను పేర్చి గోడలు కట్టుకొనేవారు. అట్టిచోట మోర్టన్ దంపతులు తమ 160 ఎకరాల భూమిలో పండ్లతోట పెంచారు. పత్రికా సంపాదకుడైన మోర్టన్, తాను తోటలో నేర్చిన పాఠాన్ని పత్రికాముఖంగా రైతులకు బోధించారు.

1872 జనవరి 4న రాష్ట్ర వ్యవసాయ మండలి సమావేశంలో వృక్షదినోత్సవాన్ని ఆయన ప్రతిపాదించగా, మండలి ఆమోదించింది. మొక్కలను అధికసంఖ్యలో, సక్రమంగా నాటిన జిల్లాలకూ వ్యక్తులకూ బహుమతులు ప్రకటించారు. ఆ ఏడు ఏప్రిల్ 10న, ఆ ఒక్క దినాననే, నెబ్రాస్కాలో పదిలక్షలకు పైగా చెట్లు నాటినట్లు అంచనా. 1885లో ఆ రాష్ట్రం మోర్టన్ జన్మదినమైన ఏప్రిల్ 22ను వృక్షదినోత్సవ సెలవుగా నిర్ణయించింది. ఆ దశకంలోనే పాఠశాలలు ఈ ఉత్సవాన్ని చేపట్టాయి. బాలబాలికల చేతికి అందిన పిదప అది దేశమంతటా వ్యాపించింది.

1893 నుండి 1897 వరకు మోర్టన్ అమెరికా వ్యవసాయశాఖ కార్యదర్శిగా పనిచేశారు. 1902 ఏప్రిల్ 27న కన్నుమూశారు. ఆయన భావాలన్నీ ఆదర్శప్రాయములని చెప్పజాలము. బానిసత్వ నిర్మూలనను ఆయన సమర్థించలేదు. మనిషిలోని లోపాన్ని దాచనవసరం లేదు, అతడు చేసిన మేలును మరువనవసరమూ లేదు.

మన దేశంలో 1950 జూలైలో నాటి కేంద్ర ఆహార వ్యవసాయ మంత్రి కె. యం. మున్షీ వనమహోత్సవానికి దేశవ్యాప్త రూపమిచ్చారు. అక్కడ వసంతం, ఇక్కడ తొలకరి. ఋతువు వేరైనా ఆశయం ఒక్కటే.

విద్యార్థి మిత్రులారా! గుంత త్రవ్వడం ఒకనాటి పని. మొక్కను బ్రతికించడం ఏళ్ళ తరబడి పని. మేకలనుండి కాపాడే కంచె, వేసవిలో కడివెడు నీరు లేనిదే ఉత్సవం ఉపన్యాసంతోనే ముగుస్తుంది. మనలో ప్రతి ఒక్కరూ ఒక వేపనో, కానుగనో నాటి, కళాశాల విడిచే నాటికి దానిని పెంచి, వెనుక వచ్చే తమ్ములకూ చెల్లెళ్ళకూ అప్పగించుదాము. మనం కూర్చొనని నీడను మన తరువాతివారికి మిగుల్చుటయే ఈ దినోత్సవ పరమార్థం.