పన్నుదారుని ధనము, పౌరుల విశ్వాసము: సర్ ఫిరోజ్‌షా మెహతా

పురపాలక సంఘములకు ఎన్నికలు సమీపించినప్పుడెల్ల అభ్యర్థులు మన గడపలకు వచ్చి రెండు మాటలు చెప్పుట పరిపాటి. పన్నులు పెంచమని మొదటి మాట. బాటలు, మురుగుకాలువలు, మంచినీరు, దీపములు సమృద్ధిగా సమకూర్తుమని రెండవ మాట. ఈ రెండును ఒకే బొక్కసమునుండి ఎట్లు నెరవేరునని అడుగువారు కొలదిమందియే. అడిగినవారికి సూటిగా ప్రత్యుత్తరమిచ్చువారు ఇంకను తక్కువ. కావున, పౌరులకు ప్రియమైన మాట విడిచి హితమైన మాట చెప్పి, ఒక మహానగరపు విశ్వాసమును 42 సంవత్సరములు నిలుపుకొన్న ఒక పెద్ద చరిత్రను స్మరించుట యుక్తమని తలచుచున్నాము. వారు సర్ ఫిరోజ్‌షా మెహతాగారు. కాంగ్రెసు తొలితరపు నాయకులుగను, 1890వ సంవత్సరపు కలకత్తా కాంగ్రెసునకు అధ్యక్షులుగను వారిని పాఠకులెరుగుదురు. కాని వారి ప్రజాసేవలో మిక్కిలి దీర్ఘమైన భాగము బొంబాయి మునిసిపల్ కార్పొరేషనులో గడచినదను సంగతి మరుగున పడినది.

మెహతాగారు 1845 ఆగస్టు 4వ తేదీన బొంబాయిలో ఒక పారసీ వర్తక కుటుంబమున జన్మించిరి. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివి 1864లో పట్టభద్రులైరి. ఇంగ్లండునకు పోయి న్యాయశాస్త్రము అభ్యసించుటకు రుస్తుంజీ జంషెడ్జీ జీజీభాయి అను ధనికుడొసగిన విద్యార్థివేతనము వారికి లభించెను. ఆ దినములలో అమెరికా అంతర్యుద్ధమువలన అచ్చటి పత్తి ఇంగ్లండు మిల్లులకు చేరక, మన పత్తికి ఎన్నడును లేని గిరాకి కలిగెను. బొంబాయిలో ధనము వెల్లువగా పారెను. వాటాల వ్యాపారము జూదమై కూర్చుండెను. 1865లో యుద్ధము ముగియగానే ధరలు పడిపోయి, బ్యాంకులును లక్షాధికారుల ఇండ్లును ఒకదాని వెంట నొకటి కూలినవి. జీజీభాయిగారి ఐశ్వర్యము పోయెను. దానితో లండనులోనున్న మెహతాగారి వేతనమును పోయెను. అయినను వారు చదువు విడువక 1868లో బారిష్టరై స్వదేశమునకు మరలిరి. ఉన్నదని నమ్మిన ధనము లేకుండ పోవుట ఎట్టిదో వారికి యౌవనముననే అనుభవమునకు వచ్చెను.

వారు తిరిగివచ్చునప్పటికి బొంబాయి నగరమునకు గూడ అట్టి అనుభవమే సంభవించుచుండెను. 1865వ సంవత్సరపు చట్టము ప్రకారము నగర పరిపాలనాధికారమంతయు ఒక కమిషనరు చేతిలో నుండెను. ఆర్థర్ క్రాఫర్డుగారు ఆ పదవిలో నుండిరి. వారు సమర్థులు. బాటలు వేయించిరి, మురుగు తొలగించిరి, పెద్ద అంగడి కట్టించిరి. కాని ఖర్చునకు అదుపు లేకపోయెను. వారిని అడ్డగింపవలసినవారు ప్రభుత్వము నియమించిన జస్టిసులను గౌరవాధికారులు. వీరు పన్నుదారులకు జవాబుదారులు కారు. అనేకులు సమావేశములకైనను శ్రద్ధగా వచ్చువారు కారు. పనులు పెరిగినవి, అప్పు పెరిగినది, పన్నులును పెరిగినవి. 1871లో నగరమంతట అలజడి చెలరేగెను. కమిషనరు పదవినే రద్దుచేయవలెననియు, అధికారమును ఒక సంఘమునకు పంచి ఇయ్యవలెననియు పన్నుదారుల నాయకులు గట్టిగా కోరిరి.

ఆ సంవత్సరము నవంబరు మాసమున ఫ్రాంజీ కావస్జీ ఇన్‌స్టిట్యూటునందు మెహతాగారు ఈ విషయముపై ఒక వ్యాసము చదివిరి. వారి వయస్సు అప్పటికి 26 సంవత్సరములు. పేరు సంపాదించుకొనవలసిన యువక న్యాయవాదికి సులభమైన మార్గమొకటి ఎదుటనే యుండెను. ప్రజలు కోపించియున్నారు; ఆ కోపమునకు గొంతు కలిపినచో చాలును. వారు ఆ మార్గమున పోలేదు. క్రాఫర్డుగారు నగరమునకు చేసిన మేలును ఒప్పుకొనిరి. కార్యనిర్వహణ ఒక్కని చేతిలో నుండుట దోషము కాదనియు, ఆ ఒక్కని లెక్క అడుగువారు లేకపోవుటయే దోషమనియు వాదించిరి. పనిచేయు అధికారమును పలువురకు పంచినచో తప్పు ఎవరిదో తెలియకుండ పోవునని హెచ్చరించిరి. పన్నుదారులే తమ ప్రతినిధులను ఎన్నుకొనవలెననియు, పద్దుల తనిఖీ కమిషనరునకు లోబడక స్వతంత్రముగ నుండవలెననియు సూచించిరి. సభ్యులకు ఈ మాటలు రుచింపలేదు. సభలో నిరసనధ్వనులు చెలరేగినవి. ఆనాడు మెహతాగారికి దక్కినది అపకీర్తియే.

క్రాఫర్డుగారు ఆ యేడే పదవి విడిచిరి. మధ్య రాష్ట్రభాగమునకు కమిషనరుగా నున్నప్పుడు వారిపై లంచముల విచారణ జరిగెను. లంచములు రుజువు కాలేదు గాని తమ అధికారపరిధిలోని వారియొద్ద అప్పులు తీసికొన్నట్లు తేలి, 1889లో వారు ఉద్యోగము కోల్పోయిరి. ఇది మెహతాగారి వాదమునకు విరుద్ధమని కొందరు తలపవచ్చును. మేమట్లు తలపము. వారు మనుష్యుని నమ్ముమని చెప్పలేదు. ఎంత సమర్థుడైనను లెక్క అడుగు పద్ధతి ఉండవలెననియే చెప్పిరి.

1872వ సంవత్సరపు చట్టము చాలవరకు ఈ మార్గముననే నడచెను. 64 మంది సభ్యుల కార్పొరేషను ఏర్పడెను. అందులో 32 మందిని పన్నుదారులు, 16 మందిని జస్టిసులు ఎన్నుకొనునట్లును, 16 మందిని ప్రభుత్వము నియమించునట్లును ఏర్పాటు జరిగెను. మెహతాగారు 1873లో సభ్యులై, మరణించువరకు ఆ సభను విడువలేదు. వకీలు వృత్తిలో ఆదాయము పెరిగినను, శాసనసభలలో పేరు పొందినను, కార్పొరేషను సమావేశములకు వచ్చుటయు, కాగితములు చదువుటయు, పద్దు పద్దు వెంబడి ప్రశ్నించుటయు మానలేదు. 1884, 1885 సంవత్సరములలో సభ వారిని అధ్యక్షులుగ ఎన్నుకొనెను. 1905లో మూడవసారి ఎన్నుకొనెను.

వారు మొదట అధ్యక్షులైన 1884వ సంవత్సరముననే, డిసెంబరు మాసమున, కార్పొరేషను భవనమునకు రిప్పన్ ప్రభువు శంకుస్థాపన చేసిరి. ఆ భవనపు లెక్క నేటికిని తెలిసికొనదగినది. మంజూరైన మొత్తము 11,88,082 రూపాయలు. 1893లో పని ముగియునప్పటికి అయిన ఖర్చు 11,19,969 రూపాయలు. అనగా 68,113 రూపాయలు మిగిలినవి. ప్రభుత్వపు కట్టడము అంచనాకు మించుట సహజమని అనుకొను మనకు ఈ లెక్క కథవలె తోచును. దీని పుణ్యము ఒక్క మెహతాగారిదని మేము చెప్పము. స్టీవెన్సు అను శిల్పిది, పద్దులు కనిపెట్టిన సభది, సభను కనిపెట్టియున్న పన్నుదారులది. అడుగువాడుండునని తెలిసిన చోట చేయువాడు జాగ్రత్తపడును.

ఇంతమాత్రమున మెహతాగారు ఖర్చుచేయుటకు వెనుదీయువారని తలపరాదు. 1892లో తాన్సా జలాశయమునుండి బొంబాయికి నీరు వచ్చెను. అట్టి గొప్ప పనులకు నగరము ధనము వెచ్చించిన కాలమున వారు సభలో ముఖ్యులు. మంచినీరు లేని నగరమునకు తక్కువ పన్ను ఉపకారము కాదు. మితవ్యయమనగా చేతులు ముడుచుకొనుట కాదు. వెచ్చించిన రూపాయికి ఏమి వచ్చెనో చూపగలుగుట.

1887లో నగరమునకు క్రొత్త చట్టపు చిత్తు శాసనసభకు వచ్చెను. కార్పొరేషను అధికారమును కుదించు అంశములు అందులో నుండెను. మెహతాగారును, కాశీనాథ త్ర్యంబక తెలంగుగారును ఆ చిత్తును అంశమంశముగ సవరింపజేసిరి. 1888వ సంవత్సరపు చట్టమున నగరపాలనము కార్పొరేషనునకే చెందునని స్పష్టమయ్యెను. సభ్యులు 72 మందియైరి. ఆదాయవ్యయముల అంచనాను ఆమోదించుటయు, పద్దుల తనిఖీదారులను నియమించుటయు సభ హక్కులయ్యెను. కమిషనరును నియమించునది ప్రభుత్వమే అయినను, 45 మంది సభ్యులు తీర్మానించినచో అతనిని తొలగింపవలసినదే. 1871లో ఈలలు వేయించుకొన్న వాదము ఈ విధముగ చట్టమై నిలిచెను.

అధికారము లేని చోట ఖర్చు మోయరాదనునది వారి మరియొక సిద్ధాంతము. నగరపు పోలీసుపై కార్పొరేషనునకు ఎట్టి అధికారమును లేదు. ఖర్చులో భాగము మాత్రము మోయవలసియుండెను. ఈ అన్యాయముపై మెహతాగారు అనేక సంవత్సరములు పోరాడిరి. 1907లో చేసిన చట్టము ప్రకారము పోలీసు ఖర్చు ప్రభుత్వమునకు పోయెను. అందుకు బదులుగా ప్రాథమిక విద్య, వైద్యము కార్పొరేషను భారమయ్యెను. అట్లే 1896లో ప్లేగు వచ్చిన పిమ్మట, నగరాభివృద్ధికై 1898లో ఒక ప్రత్యేక ట్రస్టును స్థాపించినప్పుడు, నగరపు ధనమును నగరమునకు జవాబు చెప్పని వారి చేతిలో పెట్టుట తగదని వారు వాదించిరి. ఆనాడు ఆ వాదము చెల్లలేదు. 1933లో ఆ ట్రస్టు కార్పొరేషనులోనే కలిసిపోయెను.

ఇట్టివానికి శత్రువులు పుట్టుట సహజము. 1907వ సంవత్సరపు ఎన్నికలో ఆ శత్రుత్వము బయటపడెను. అకౌంటెంట్ జనరల్ హారిసన్, కలెక్టరు హాచ్, పోలీసు కమిషనరు గెల్, టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికాధిపతి లోవట్ ఫ్రేజర్ గార్లు ఒక కూటమిగ ఏర్పడిరి. జస్టిసులు ఎన్నుకొనవలసిన 16 స్థానములకు 16 పేర్ల పట్టికను సిద్ధపరచి, ఆ పట్టికకే ఓట్లు సంపాదించిరి. మెహతాగారిని సభనుండి తొలగించుటయే దాని ఉద్దేశమని నగరమంతయు ఎరుగును. ఓట్లు లెక్కింపగా వారు 17వ వారైరి. 34 సంవత్సరముల సేవ పిమ్మట ఒక్క స్థానముచేత ఓడిపోయిరి.

నగరము ఊరకుండలేదు. మాధవబాగున పౌరులు సభచేసి, ప్రభుత్వోద్యోగులు ఎన్నికలో జోక్యము చేసికొనుటను ఖండించిరి. అంతలో 16వ స్థానమున గెలిచిన సభ్యునికి కార్పొరేషనుతో కాంట్రాక్టు సంబంధము కలదని తేలెను. సభతో వ్యాపారము చేయువాడు సభలో కూర్చుండరాదని చట్టము. న్యాయస్థానము ఆ ఎన్నికను త్రోసివేసెను. ఆ స్థానము మెహతాగారికి దక్కెను. సభ్యుని స్వార్థము నగర ధనమును తాకరాదను నియమమే, ఆ ధనమును కాచినవానిని తిరిగి సభకు తెచ్చెను. దీనిని యాదృచ్ఛికమని అనువారనవచ్చును. కాని అట్టి నియమములున్న సభ అట్లు నిలుచుటకు కారణము మెహతాగారివంటివారే గదా!

వారిలో లోపములు లేకపోలేదు. తమ అభిప్రాయమునకు ఎదురాడినవారిని సహించుట వారికి కష్టము. సభపై వారి ప్రభావము ఒక్కొక్కప్పుడు ఏకాధిపత్యమువలె కనబడెనను నిందలో కొంత సత్యము కలదు. అన్నిటికంటె పెద్ద లోపము మరియొకటి. 1872వ సంవత్సరపు చట్టము ఓటును ఏటా 50 రూపాయలైనను పన్ను చెల్లించువారికే ఇచ్చెను. 6 లక్షల 44 వేల జనసంఖ్యగల నగరమున ఓటరులు కొలది వేలమంది మాత్రమే. తెలుగునాటనుండి వలసపోయి, ఆ నగరపు కట్టడములకు రాళ్ళు మోసిన కామాటీల పేర కామాటిపురము వెలసినది. ఆ కూలీలలో ఎందరికి ఓటుండెను? అద్దె ఇండ్లలో నుండు పేదవాడును అద్దె రూపమున పన్ను మోయుచునే యుండెను. లెక్క అడుగు హక్కు మాత్రము అతనికి లేకుండెను. వయోజనులందరికిని ఓటు లభించి బొంబాయిలో ఎన్నిక జరుగుట 1948లో గాని సంభవింపలేదు. పన్ను చెల్లించువాడే లెక్క అడుగవలెనను సూత్రమును మెహతాగారు స్థాపించిరి. దానిని తుదివరకు సాగించుట తరువాతి తరమువారి పనియయ్యెను.

1915 నవంబరు 5వ తేదీన వారు పరమపదించిరి. 1923లో కార్పొరేషను భవనము ఎదుట వారి విగ్రహమును నెలకొల్పిరి. అంచనాకంటె తక్కువ ఖర్చుతో కట్టిన ఆ భవనము ముందర నిలుచుటకు వారికంటె అర్హులు మరియొకరు లేరని మా అభిప్రాయము.

మన పట్టణములలో ఓటడుగ వచ్చువారికిని, ఓటు వేయువారికిని ఈ చరిత్రయందు గ్రహింపవలసిన దొకటి కలదు. విశ్వాసము ఎన్నికకు ముందు పది దినములలో సంపాదించునది కాదు. అప్రియమైనను నిజము చెప్పుటవలనను, ఏటేట పద్దు విప్పి చూపుటవలనను అది పోగగును. పన్ను పెంచనని ప్రమాణము చేయు అభ్యర్థిని, గడచిన యేటి జమాఖర్చు చదివితివా అని మనము ప్రశ్నింపవలెను. చదివి, అందులోని తప్పును చూపి, దిద్దు మార్గము చెప్పగలవానికే మన ఓటు. అట్టివాడు లభింపనిచో లోపము అభ్యర్థులది మాత్రమే కాదు. మన యింటి కౌలు లెక్కను కాసుతో సహా అడుగు మనము ఊరి లెక్కను ఎన్నడైన అడిగితిమా? ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము మనలో ప్రతివాడును తనకు తానే చెప్పుకొనవలసియున్నది.