చదరంగంలో ప్రపంచాన్ని గెలిచి, ఇంటికొచ్చి పొలం చూసుకున్న సుల్తాన్ ఖాన్

నలుగురు దోస్తులు కలిసిన చోట ఏదో ఒక ఆట ఉంటుంది. క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లుకునేవాళ్లు కొందరు. అష్టాచమ్మాకి గవ్వలు వేసేవాళ్లు కొందరు. ఒకే ఫోన్ మీద తలలు వంచి లూడో ఆడేవాళ్లు ఇంకొందరు. ఇక పిల్లలైతే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఎక్కడో ఉన్న స్నేహితులతో కలిసి వీడియో గేమ్‌లో మునిగిపోతారు. చలికి తలుపులు తొందరగా మూసుకునే ముంచింగిపుట్టు కొండల్లో అయినా, రాత్రంతా మేలుకుని ఉండే పాతబస్తీ గల్లీల్లో అయినా ఇదే సంగతి. ఇంట్లో పెద్దవాళ్లు అడిగేది కూడా అన్ని చోట్లా ఒక్కటే. ఈ ఆట రేపు కూడు పెడుతుందా?

ఈ ప్రశ్నకి అవునని, కాదని, రెండు జవాబులూ ఒకే జీవితంలో చూసినవారు ఒకరున్నారు. పేరు మియాన్ సుల్తాన్ ఖాన్. బ్రిటిష్ పాలన రోజుల్లో పంజాబ్ పల్లె నుంచి లండన్ వెళ్లి, ఐదేళ్లు కూడా నిండకుండానే ప్రపంచంలోని మేటి చదరంగం ఆటగాళ్ల వరుసలో నిలిచారు. తర్వాత ఊరికి తిరిగొచ్చి, మళ్లీ ఆ వేదికల వైపు చూడలేదు. ఆయన కథ మన ఇళ్లలో పిల్లలకీ, పెద్దలకీ తెలియాల్సిన కథ.

తండ్రి దగ్గర నేర్చిన ఆట

ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న సర్గోధా ప్రాంతంలో మిఠా తివానా అనే ఊరు ఆయనది. పుట్టింది 1903లో. పాత చదరంగం పుస్తకాల్లో 1905 అని కూడా కనిపిస్తుంది. వాళ్లది పీర్ల కుటుంబం, భూములున్న ఇల్లు. తండ్రి మియాన్ నిజాముద్దీన్‌కి చదరంగం బాగా వచ్చు. తొమ్మిదేళ్ల వయసులో సుల్తాన్‌కి ఆట నేర్పింది ఆయనే. బడి లేదు, కోచ్ లేడు, పుస్తకం లేదు. ఇంట్లోవాళ్లతో, ఊళ్లోవాళ్లతో ఆడి ఆడి చెయ్యి తిరిగింది. ఇరవై ఒకటో ఏటికి పంజాబ్‌లో ఆయన్ని మించినవాడు లేడని పేరొచ్చింది.

ఆ రోజుల్లో మన దేశంలో ఆడే చదరంగం ఇప్పుడు ఫోన్లో ఆడేది కాదు. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదిలేది. రాజు, ఏనుగు కలిసి చోటు మార్చుకునే కోట కట్టడం లేదు. దాని బదులు రాజు ఒక్కసారి మాత్రం గుర్రంలా దూకొచ్చు. బంటు చివరి గడికి చేరితే మనకి నచ్చిన పావుగా మారదు. ఏ వరుసలో చేరిందో ఆ వరుసకి చెందిన పావుగానే మారుతుంది. ఆట నెమ్మదిగా సాగేది, ఓపిక ఉన్నవాడిదే గెలుపు. మన తెలుగు ఊళ్లలో పాతకాలం పెద్దలు అరుగుల మీద ఆడిన దేశవాళీ చదరంగం కూడా ఇంచుమించు ఈ పద్ధతిదే.

నవాబు చేరదీశాడు

ఆ చుట్టుపక్కల పెద్ద జమీందారు నవాబ్ సర్ ఉమర్ హయాత్ ఖాన్ తివానా. కల్రా ఎస్టేట్ ఆయనది. సైన్యంలో హోదా, ఆంగ్లేయుల దగ్గర పలుకుబడి ఉన్న మనిషి. ఆయనకి చదరంగం అంటే ప్రాణం. సుల్తాన్ ప్రతిభ చూసి తన దగ్గర పెట్టుకున్నారు. ఉండడానికి చోటు, తిండి, చేతి ఖర్చుకి డబ్బు ఇస్తారు. బదులుగా సుల్తాన్ ఎస్టేట్‌లో ఒక చదరంగం జట్టుని తయారు చేయాలి. యూరప్ పద్ధతి ఆట నియమాలు ఆయన నేర్చుకున్నది అక్కడే.

1928లో అఖిల భారత పోటీలో తొమ్మిది ఆటలు ఆడి ఎనిమిది గెలిచారు, ఒకటి డ్రా. ఒక్కటీ ఓడలేదు. మరుసటి ఏడాది వసంతంలో నవాబు లండన్ వెళ్తూ సుల్తాన్‌ని వెంట తీసుకెళ్లారు.

మొదట్లో బాగా తడబడ్డారు. తయారీ కోసం పెట్టిన చిన్న పోటీలో చివరి స్థానం పంచుకున్నారు. కారణం ఉంది. యూరప్ ఆటగాళ్లు మొదటి పది పదిహేను ఎత్తులు పుస్తకాల్లో చదివి వచ్చేవారు. సుల్తాన్‌కి ఇంగ్లీషు రాదు, ఆ పుస్తకాలు చదివే దారి లేదు. బ్రిటన్ మేటి ఆటగాళ్లు విలియం వింటర్, ఫ్రెడ్ యేట్స్ ఆయనతో కూర్చుని ఆ ఆరంభ ఎత్తులు నేర్పించారు. పోటీల్లో ఎదురుపడాల్సినవాళ్లే ఆట నేర్పడం చూస్తే, బోర్డుకి అటూ ఇటూ కూర్చున్నంత మాత్రాన మనుషులు శత్రువులు కారని అర్థమవుతుంది.

అదే వేసవిలో రామ్స్‌గేట్ ఊళ్లో బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ జరిగింది. వచ్చి కొన్ని నెలలే అయిన సుల్తాన్ ఖాన్ దాన్ని గెలిచారు. బ్రిటన్ చదరంగం లోకం ఉలిక్కిపడింది.

కపాబ్లాంకా మీద గెలుపు

కొన్నాళ్లు ఇంటికి వచ్చి, 1930లో మళ్లీ యూరప్ చేరారు. ఆ తర్వాత మూడున్నరేళ్లు ఆయన కాలమే. బెల్జియంలోని లీజ్‌లో టార్టకోవర్ తర్వాత రెండో స్థానం. 1931లో అదే టార్టకోవర్‌తో పన్నెండు ఆటల మ్యాచ్ ఆడి ఆరున్నర, ఐదున్నర తేడాతో గెలిచారు.

అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకునేది 1930–31 హేస్టింగ్స్ పోటీ. అక్కడ ఎదురుగా కూర్చున్నది క్యూబా దేశపు కపాబ్లాంకా. 1921 నుంచి 1927 దాకా ప్రపంచ ఛాంపియన్. ఏళ్ల తరబడి ఓటమి ఎరగని కాలం ఒకటి గడిపిన మనిషి. సుల్తాన్ తొందరపడలేదు. మిఠా తివానాలో నేర్చిన ఓపికతో ఒక్కొక్క గడీ బిగించుకుంటూ వచ్చారు. కపాబ్లాంకా తన రెండు ఏనుగులు వదులుకుని సుల్తాన్ మంత్రిని తీసుకున్నాడు. అరవై ఎత్తులు దాటిన ఆటలో చివరికి ఓటమి ఒప్పుకున్నాడు. ఆ పోటీలో సుల్తాన్‌ది మూడో స్థానం. పై రెండు స్థానాల్లో ఉన్నవాళ్లు తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన యూవే, ఇంకొకరు ఆ కపాబ్లాంకానే. పుస్తకం పట్టకుండా ఇంత ఎత్తుకి చేరిన ఈ మనిషిని కపాబ్లాంకా ఆ తర్వాత మేధావిగానే చెప్పుకున్నాడు.

దేశాల జట్లు ఆడే ఒలింపియాడ్‌లో 1930 హాంబర్గ్, 1931 ప్రాగ్, 1933 ఫోక్‌స్టోన్, మూడుసార్లూ బ్రిటిష్ జట్టుకి మొదటి బోర్డు ఆయనదే. అంటే ప్రతి దేశపు అగ్ర ఆటగాడినీ ఎదుర్కోవాల్సింది ఆయనే. ప్రాగ్‌లో 17 ఆటల్లో ఎనిమిది గెలిచి, ఏడు డ్రా చేసి, రెండే ఓడారు. ఓడించినవాళ్లలో రూబిన్‌స్టీన్, ఫ్లోర్ ఉన్నారు. అప్పటి ప్రపంచ ఛాంపియన్ అలెఖిన్‌తో డ్రా. 1932లో, 1933లో బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ మళ్లీ ఆయనదే. నాలుగుసార్లు ఆడి మూడుసార్లు గెలిచారు.

1933లో ఇంకో విశేషం జరిగింది. నవాబు ఇంట్లోనే పనిచేసే ఫాతిమా అనే యువతి బ్రిటిష్ మహిళల ఛాంపియన్‌షిప్ ఆడి, రెండో స్థానం కంటే మూడు పాయింట్ల ముందు నిలిచి గెలిచింది. ఒకే ఏడాది, ఒకే ఇంటి నుంచి వచ్చిన ఇద్దరి దగ్గరా బ్రిటన్ పురుషుల, మహిళల కిరీటాలు రెండూ ఉన్నాయి. సుల్తాన్ పేరే మనలో చాలామందికి తెలియదు. ఫాతిమా పేరు ఇంకా తక్కువమందికి తెలుసు.

గెలుపు వెనక బరువు

ఫొటోల్లో చూస్తే తలపాగా, గంభీరమైన ముఖం. లోపల ఉన్న కష్టం వేరు. లండన్ చలి ఆయనకి పడలేదు. మలేరియా తిరగబెట్టేది, జలుబు, గొంతు నొప్పి వదిలేవి కాదు. మెడకి గుడ్డ చుట్టుకుని ఆడిన రోజులున్నాయి. భాష రాక మాట్లాడేవాళ్లు తక్కువ. ఎప్పుడు ఎక్కడ ఆడాలి, ఎప్పుడు ఇంటికెళ్లాలి అన్నది నవాబు ప్రయాణాల మీద ఆధారపడింది.

అమెరికా ఆటగాడు రూబెన్ ఫైన్ తన జ్ఞాపకాల్లో ఒక సంగతి రాశాడు. నవాబు లండన్ ఇంట్లో విందుకి వెళితే, భోజనం వడ్డించింది ప్రపంచ స్థాయి ఆటగాడైన సుల్తాన్ ఖాన్‌ అట. ఈ కథ పట్టుకుని చాలామంది ఆయన్ని చదువు రాని నౌకరుగా చిత్రించారు. కుటుంబం వాళ్లు మాత్రం దీన్ని ఒప్పుకోలేదు. ఆయన గౌరవం ఉన్న ఇంటి బిడ్డ అని, ఇంగ్లీషు రాకపోవడం అంటే చదువు రాకపోవడం కాదని గట్టిగా చెప్పారు. ఇంగ్లీషు తడబడితే బుర్రే లేదనుకునే అలవాటు ఇప్పటికీ మన చుట్టూ ఉంది కాబట్టి ఈ మాట గుర్తుంచుకోవాలి.

1933 డిసెంబర్‌లో నవాబుతో పాటు తిరిగొచ్చేశారు. జైలు నుంచి బయటపడ్డ మనిషిలా ఆయన ఊపిరి పీల్చుకున్నారని ఫాతిమా తర్వాత చెప్పింది. 1935లో ఖాదిల్కర్ అనే మేటి ఆటగాడితో పది ఆటలు ఆడి తొమ్మిది గెలిచారు, ఒకటి డ్రా. అక్కడితో పెద్ద ఆటలు ఆగిపోయాయి. 1944లో నవాబు చనిపోతూ ఆయనకి కొద్దిపాటి పొలం మిగిల్చారు. దేశ విభజన తర్వాత ఆ ప్రాంతం పాకిస్తాన్‌లోకి వెళ్లింది. సుల్తాన్ ఖాన్ పొలం చూసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ బతికారు. క్షయ వ్యాధితో 1966 ఏప్రిల్ 25న సర్గోధాలో కన్నుమూశారు.

సొంత పిల్లలకి ఆయన చదరంగం శిక్షణ ఇవ్వలేదు. ఇంతకన్నా జీవితానికి పనికొచ్చేది ఏదైనా చేయమని చెప్పేవారని పెద్దకొడుకు గుర్తు చేసుకున్నారు. కపాబ్లాంకాని ఓడించిన మనిషి అలా అనడం చిన్న సంగతి కాదు.

ఆలస్యంగా వచ్చిన బిరుదు

1950లో ప్రపంచ చదరంగం సమాఖ్య మొదటిసారి గ్రాండ్‌మాస్టర్ బిరుదులు ఇచ్చింది. 27 మందికి దక్కింది. ఎప్పుడో ఆట మానేసిన రూబిన్‌స్టీన్‌కీ ఇచ్చారు, టార్టకోవర్‌కీ ఇచ్చారు. ఇద్దరూ సుల్తాన్ ఖాన్ చేతిలో ఓడినవాళ్లే. అప్పటికి ఆయన బతికే ఉన్నారు, కానీ జాబితాలో పేరు లేదు. 2024 ఫిబ్రవరిలో, చనిపోయిన 58 ఏళ్లకి, అదే సమాఖ్య గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ప్రకటించింది. ఆ విధంగా పాకిస్తాన్ తొలి గ్రాండ్‌మాస్టర్ ఆయనే అయ్యారు.

మన పిల్లల సంగతి

తెలుగు నేల మీద కూడా ఇలాంటి ముచ్చట ఒకటుంది. శ్రీకృష్ణదేవరాయలతో చదరంగం ఆడి గెలిచే బొడ్డుచర్ల తిమ్మన గురించి చాటు పద్యం ప్రచారంలో ఉంది. రాయలు ఆయనకి కొప్పోలు గ్రామాన్ని ఇచ్చారని చెప్పుకుంటారు. రాజు మెచ్చితే ఊరు, నవాబు మెచ్చితే లండన్ ప్రయాణం. పాతకాలంలో ఆటగాడి బతుకు ఇంకొకరి ఇష్టం మీద నడిచింది.

ఇప్పుడు దారి వేరు. గుంటూరు పెంటేల హరికృష్ణకి ఆట నేర్పింది తాతగారు. గుడివాడ కోనేరు హంపికి నేర్పింది తండ్రి. హరికృష్ణ 2001లో, హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్లు అయ్యారు. సుల్తాన్‌కి నిజాముద్దీన్ దొరికినట్టే వాళ్లకీ ఇంట్లోనే గురువు దొరికారు. తేడా ఏమిటంటే, ఆ తర్వాత వాళ్లు నవాబు కోసం ఎదురుచూడాల్సిన పని లేకపోయింది. పోటీలున్నాయి, రేటింగ్ ఉంది, ఎవరి ఆట ఎంతో ప్రపంచమంతటికీ కనిపించే లెక్క ఉంది. ముంచింగిపుట్టులో సిగ్నల్ అందే చోట కూర్చున్న పిల్లవాడు కూడా వేరే దేశం పిల్లవాడితో ఫోన్లో చదరంగం ఆడగలుగుతున్నాడు.

అయినా ప్రతి పిల్లాడూ గ్రాండ్‌మాస్టర్ కాడు, కానక్కర్లేదు కూడా. సుల్తాన్ ఖాన్ పిల్లలకి చెప్పిన మాట ఆటని తిట్టడానికి కాదేమో. ఇంకొకరి ఇష్టం మీద నిలిచే బతుకు వద్దని చెప్పడం కావచ్చు. కాబట్టి అమ్మానాన్నలు రెండు పనులు చేయొచ్చు. చదువుకీ, నిద్రకీ, నమాజుకీ వేళ తప్పకుండా చూసుకుంటూ, పందెం డబ్బు జోలికి పోనివ్వకుండా, దోస్తులతో ఆడుకోనివ్వడం ఒకటి. ఫోన్ లాక్కునే ముందు ఒక్కసారి ఎదురుగా కూర్చుని పిల్లలతో తామూ ఒక ఆట ఆడటం రెండోది. తొమ్మిదేళ్ల సుల్తాన్ ఎదుట మొదట బోర్డు పరిచి కూర్చున్నది నవాబు కాదు, తండ్రి.