చేతికి చదువు చెప్పిన తల్లి: మేరియా మాంటిస్సోరి

చిన్నపిల్లల చేతులు ఒక్క క్షణమైనను ఊరకుండవు. కనబడిన వస్తువునెల్ల పట్టి చూచును, తిప్పి చూచును, ఒకదానిలో నొకటి దూర్చి చూచును. పెద్దలు దీనిని అల్లరి యని కసరుకొందురు. అది అల్లరి కాదు, శిశువు చేయుచున్న చదువే యని కనిపెట్టి, ఆ చదువునకు తగిన సాధనములను సమకూర్చిన విదుషి డాక్టరు మేరియా మాంటిస్సోరి. ఆమె ఇటలీ దేశస్థురాలు. అయినను ఆమె జీవితములో పెక్కు సంవత్సరములు మన దేశముననే, అందును తమిళనాట నున్న అడయారు, కొడైకానలులలో గడచినవి. ఆమె చరిత్ర మన పిల్లలును, వారి తలిదండ్రులును తెలిసికొనదగినది.

మేరియా 1870వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన ఇటలీలోని కియరవల్లె యను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి, పాత ఆచారములయందు పట్టుదల గలవాడు. తల్లి రెనిల్దె పుస్తకములు చదువుటయం దాసక్తి గల యిల్లాలు. మేరియాకు అయిదేండ్ల ప్రాయమున ఆ కుటుంబము రోము నగరమునకు వచ్చి స్థిరపడెను. ఆ కాలమున చదువుకొన్న ఆడపిల్లకు తగిన వృత్తి ఉపాధ్యాయిని పని యొక్కటియే యని అందరును తలచుచుండిరి. తలిదండ్రులును ఆ సలహాయే యిచ్చిరి. మేరియా దాని నంగీకరింపలేదు. మగపిల్లలు చదివెడు సాంకేతిక పాఠశాలలో చేరి గణితము నభ్యసించెను. మొదట ఇంజనీరు కావలెనని తలచి, పిదప వైద్యవిద్య వైపు మనసు మరల్చెను. ఉపాధ్యాయిని కానొల్లని యా బాలికయే కడకు ప్రపంచములోని ఉపాధ్యాయులకు గురువైనది!

వైద్యకళాశాలలో ఆమెకు కష్టములు తప్పలేదు. పురుషులతో కలిసి స్త్రీ శవపరీక్ష చేయుట తగదని భావించిన కాలమది. అందుచేత తోడి విద్యార్థులు వెడలిపోయిన తరువాత ఆమె ఒంటరిగా శవముల యెదుట నిలిచి ఆ పాఠము నేర్చుకొనవలసి వచ్చెను. తండ్రి అయిష్టతను, తోటివారి హేళనను ఓర్చుకొని 1896లో ఆమె పట్టము పొందెను. ఇటలీలో వైద్యురాండ్రైన తొలి కొద్దిమంది స్త్రీలలో ఆమె యొకతె.

పట్టము పొందిన పిమ్మట ఆమె రోము విశ్వవిద్యాలయపు మానసిక చికిత్సాలయమున పనిచేసెను. ఆ పనిమీద పిచ్చాసుపత్రులకు పోవుచు, అచ్చట పెద్ద రోగులతోపాటు బంధింపబడి యున్న మందబుద్ధి పిల్లలను చూచెను. వారి గదిలో ఆటవస్తువు లేదు, పనిముట్టు లేదు. భోజనమైన తరువాత వారు నేలపై బడిన రొట్టె తునకలకై ప్రాకులాడుచుందురట. కావలి స్త్రీ అది తిండిపోతుతన మని యసహ్యించుకొనెను. మేరియాకు మాత్రము అందు వేరొక సంగతి గోచరించెను. ఆ గదిలో ఆ పిల్లల చేతులకు దొరకు వస్తువు ఆ రొట్టె తునక యొక్కటియే. వారిది కడుపాకలి కాదు, చేతి యాకలి.

ఆమె అంతటితో నూరకుండక, ఇట్టి పిల్లలకు చదువు చెప్ప యత్నించిన ఇటార్, సెగ్విన్ అను ఫ్రెంచి వైద్యుల గ్రంథములను శ్రద్ధగా పఠించెను. 1900లో ఇట్టి పిల్లలకై రోములో నేర్పడిన పాఠశాలకు ఆమె యొక సంచాలకురాలయ్యెను. అచ్చట జరిగిన యొక చిన్న సంగతి మిగుల గమనింపదగినది. పదునొకండేండ్ల బాలిక యొకతె ఎంత నేర్పినను సూది పట్టి కుట్టు వేయలేకపోయెను. మేరియా ఆ సూదిని దాచివేసి, రంగుకాగితపు పేలికలను ఒకదాని పైనుండి, ఒకదాని క్రిందినుండి పోనిచ్చి చాపవలె అల్లెడు పని నామె కిచ్చెను. బాలిక దానియందు లీనమై చక్కగా నేర్చుకొనెను. మరల సూది చేతికిచ్చిన తోడనే కుట్టు వచ్చెను! చేయవలసిన పనికి ముందు ఆ పనికి కావలసిన చేతి కదలికను వేరొక సులభమైన పనిద్వారా సిద్ధపరుపవలె నను సూత్రము ఆమెకు ఆనాడు దొరికినది. తరువాత ఆమె చేసిన కృషి యంతయు ఈ సూత్రము మీదనే నిలిచినది.

ఆ పాఠశాలలోని పిల్లలలో కొందరు చదువను వ్రాయను నేర్చి, సామాన్య విద్యార్థులతోపాటు పరీక్షలలో నెగ్గిరి. లోక మాశ్చర్యపడెను. మేరియాను వేరొక ప్రశ్న బాధించెను. ఇట్టి పిల్లలే యింత నేర్వగలిగినప్పుడు, ఆరోగ్యవంతులైన పిల్లలు మన పాఠశాలలలో ఇంత కొంచెమే ఏల నేర్చుచున్నారు?

ఈ కాలముననే ఆమె వ్యక్తిగత జీవితమున తీరని వేదన యొకటి ప్రవేశించెను. 1898లో ఆమెకు మేరియో అను కుమారుడు కలిగెను. వివాహము జరుగలేదు. నాటి సంఘము అట్టి తల్లిని సహింపదు. చేపట్టిన పని చేయనీయదు. అందుచే ఆ బిడ్డ పల్లెటూర వేరొక కుటుంబమున పెరుగవలసి వచ్చెను. లోకములోని పిల్లల కందరకు తల్లియైన యామె, తన బిడ్డను కొన్నాళ్ళకొకసారి చూచి రావలసినదే గాని ఒడిలో పెంచుకొన జాలకపోయెను. ఆ బాలుడు సుమారు పదునైదేండ్ల ప్రాయమున తల్లిని చేరి, ఆమె తుదిశ్వాస వరకు కుడిభుజమై నిలిచెను.

1907 జనవరి 6వ తేదీన ఆమె జీవితము క్రొత్త మలుపు తిరిగెను. రోములో శాన్ లొరెంజో అనునది నిరుపేదల పేట. అచ్చట ఒక సంస్థ పాత భవనములను బాగుచేయించి కూలివారికి అద్దెకిచ్చెను. తలిదండ్రులు పనికి పోగా పసివారు గోడలను మెట్లను పాడుచేయుచుండిరి. వారిని ఒకచోట చేర్చి చూచుకొనుటకై ఏర్పడిన గదియే మేరియా చేతిలో ‘బాలల గృహ’మైనది. సుమారు ఏబది మంది పిల్లలు, వారిని చూచుటకు ఒక యువతి. ఇంతే దాని సంపద.

మేరియా పిల్లల యెత్తునకు తగిన చిన్న బల్లలను, కుర్చీలను చేయించెను. ఊడ్చుట, దుమ్ము తుడుచుట, చేతులు కడుగుకొనుట, గ్లాసులలో నీరు పోయుట మొదలగు ఇంటిపనులను పాఠములుగా పెట్టెను. కొయ్యచట్రములకు రెండు గుడ్డముక్కలు బిగించి, ఒకదానికి గుండీలు, ఒకదానికి కొక్కెములు, ఒకదానికి త్రాళ్ళు కుట్టించెను. పిల్లలు వానిని మాటిమాటికి పెట్టుచు తీయుచు తమ బట్టలు తామే తొడుగుకొన నేర్చిరి. కొయ్యదిమ్మెలో పది గుంటలు, వానిలో సరిగా నిమిడెడు పది గుండ్రని దిమ్మలు మరియొక సాధనము. ప్రతి దిమ్మకు చిన్న బొడిపె యుండును. దానిని బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు కలిపి పట్టవలెను. కలము పట్టు పట్టు కూడ అదియే కదా! ఒక దిమ్మ తప్పు గుంటలో పడిన యెడల కడపటి దిమ్మకు చోటు కుదురదు. తప్పును గురువు చూపనక్కరలేదు, ఆ కొయ్యయే చూపును.

ఒకనాడు ఆమె ముక్కు చీదుకొను విధమును, రుమాలును ఎట్లు పట్టవలయునో నిదానముగా చూపెను. పిల్లలు నవ్వుదురని ఆమె తలచెను. వారు నవ్వలేదు, ఆనందముతో చప్పట్లు కొట్టిరి. ముక్కు కారుచున్నదని వారిని నిందించిన వారే గాని, ఎట్లు తుడుచుకొనవలయునో అంతవరకు నేర్పినవారు లేరు. పిల్లల మానమును కాపాడుటయు విద్యలో భాగమేనని ఆమె ఆనాడు గ్రహించెను.

అక్షరములను ఆమె గరుకు కాగితముతో కత్తిరించి అట్టలపై అంటించెను. పిల్లలు ఆ అక్షరమును వ్రేళ్ళతో దిద్దుచు దాని ధ్వనిని పలుకుదురు. లోహపు ఆకృతుల చుట్టును పెన్సిలుతో గీత గీసి, నడుమ రంగులు నింపి చేతికి వశము కలిగించుకొందురు. ఇట్లు కొన్ని మాసములు గడచెను. డిసెంబరు మాసమున ఎండ కాయుచున్న యొక దినమున మేడమీద పిల్లలతో కూర్చున్న మేరియా ఒక అయిదేండ్ల బాలునికి సుద్దముక్క నిచ్చి, ఎదుటనున్న పొగగొట్టము బొమ్మ గీయుమనెను. బాలుడు గీసెను. ఆమె మెచ్చుకొనగా, ఒక్క క్షణ మాలోచించి, అకస్మాత్తుగా నేలపై ఒక పదమును వ్రాసి ఉబ్బితబ్బిబ్బయ్యెను. వ్రాయుట యెట్లో వానికి ఎవరును చెప్పలేదు. చేయి ముందే సిద్ధమై యుండెను గనుక వ్రాత తనంత తానే వచ్చెను. ఆ బాలుడు వ్రాసిన మొట్టమొదటి పదము ఇటలీ భాషలో ‘చేయి’ అను నర్థము నిచ్చు ‘మానో’ అనునది!

1909లో ఆమె తన పద్ధతిని గ్రంథముగా ప్రకటించెను. 1912లో అది ఆంగ్లమున వెలువడెను. ఐరోపా, అమెరికా ఖండములం దంతట ఆమె పాఠశాలలు వెలసెను. ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వము తొలుత ఆమె పాఠశాలలకు అండ నిచ్చెను, ఆమెయు దాని నంగీకరించెను. ఈ విషయమున ఆమెను తప్పుపట్టినవారును కలరు. కాని ఆ పొత్తు నిలువలేదు. స్వేచ్ఛగా నాలోచించు పిల్లలు నియంతకు పనికిరారు. 1934లో అచ్చటి పాఠశాలలు మూతపడెను, ఆమె స్వదేశమును విడిచెను. 1936లో స్పెయిను అంతర్యుద్ధము వలన బార్సిలోనాను కూడ విడిచి, హాలెండున తలదాచుకొనెను.

1939లో దివ్యజ్ఞాన సమాజాధ్యక్షుడైన అరండేలు ఆహ్వానముపై ఆమె కుమారునితో మద్రాసు చేరెను. అప్పటి కామె వయసు అరువది తొమ్మిదేండ్లు. అడయారులో తాటాకు పాకలలో దేశపు నలుమూలలనుండి వచ్చిన సుమారు మూడువందల మందికి ఆమె శిక్షణ మిచ్చెను. ఆమె ఇటలీ భాషలో చెప్పుచుండగా మేరియో దానిని ఆంగ్లమున వినిపించుచుండెను. 1940 జూనులో ఇటలీ యుద్ధమున దిగెను. శత్రుదేశీయుడను కారణమున బ్రిటిషు ప్రభుత్వము మేరియోను అహమ్మదునగరమున నిర్బంధించెను. వృద్ధురాలైన తల్లి అడయారు ఆవరణము దాటరాదని కట్టడి చేసెను. పసితనమున దూరమైన కుమారుడు ముసలితనమున మరల దూరమయ్యెను. ఆగస్టు 31వ తేదీన, ఆమె డెబ్బదియవ పుట్టినరోజు కానుకగా, ప్రభుత్వము మేరియోను విడిచిపుచ్చెను. అంతవరకు లోకమున మేనల్లుడనియు, పెంపుడు కొడుకనియు చెప్పబడిన యతనిని ఆ సందర్భమున ప్రభుత్వము ఆమె కుమారుడనియే పేర్కొన్నట్లు చరిత్రకారులు వ్రాసిరి. ఆ తల్లికి అంతకు మించిన కానుక ఏముండును?

యుద్ధకాలమున రెండేండ్లు ఆమె కొడైకానలు కొండలపై నివసించి, చెట్టుచేమలను పురుగుపుట్రలను చూపుచు పెద్దపిల్లల విద్యను గూర్చి కృషి చేసెను. అహమ్మదాబాదు, కరాచీ మొదలగు నగరములలో ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చెను. 1946లో ఐరోపాకు మరలి, మరుసటి యేడు తిరిగి వచ్చెను. శిశువు మనసును గూర్చిన ఆమె ప్రఖ్యాత గ్రంథము 1949లో మద్రాసుననే అచ్చయ్యెను. 1952 మే 6వ తేదీన హాలెండులోని నూర్ద్‌వైక్ అను సముద్రతీర గ్రామమున ఆమె కన్నుమూసెను. అచ్చటనే ఆమె సమాధి కలదు.

ఆమె సాధనములు ఖరీదైనవి, మనకెట్లు లభించునని తలిదండ్రులు సందేహింపవచ్చును. సూత్రము తెలిసిన యెడల సాధనములు మన వంటింటనే కలవు. ఒక గిన్నెలోని పెసలను గరిటెతో వేరొక గిన్నెలో పోయించుడు. అది వచ్చిన పిదప చిన్న చెంబుతో నీరు పోయించుడు. తడిగుడ్డ పిండించుట, పిండి పిసికించుట మణికట్టునకు బలమిచ్చును. వేరుసెనగకాయలు ఒలుచుట, కలిసిన సెనగలను కందులను వేరుచేయుట వ్రేళ్ళకొనలకు నేర్పునిచ్చును. పూలు గుచ్చుట, అరటినారతో మాల కట్టుట, ముగ్గుపిండిని రెండు వ్రేళ్ళ నడుమ జారవిడిచి చుక్కలు పెట్టుట, పాత చొక్కాకు గుండీలు పెట్టుట, కాగితపు పడవ మడచుట అన్నియు నిట్టివే. చింతపిక్కలతో వామనగుంట లాడినప్పుడు వ్రేళ్ళతో పాటు లెక్కయు వచ్చును. మూడేండ్లు దాటని పసివారికి మాత్రము గింజలను, పిక్కలను ఇయ్యరాదు. వారు వానిని నోట, ముక్కున పెట్టుకొందురు. కొంచెము పెద్దవారైనను మీ కన్నెదుటనే ఆడనిండు. మొదట నిదానముగా, మాటాడక చేసి చూపుడు. పిదప పిల్లవాని చేతి కిచ్చి మీ చేయి వెనుకకు తీసికొనుడు. నీరు ఒలికినచో కసరక, తుడుచుట కొక గుడ్డ నిండు.

మన పెద్దలు వీధిబడిలో ఇసుకపై అక్షరములు దిద్దించిరి. అక్షరాభ్యాసమునాడు బియ్యముపై దిద్దించుట నేటికిని మన యిండ్ల నున్నది. కాని ఆ పళ్ళెమును ఆనాటితోనే లోన పెట్టుచున్నాము. దానిని నెల దినములు బయటనే ఉంచుడు. మన తెలుగక్షరములు గుండ్రనివి. తలకట్టు, సుడి, కొమ్ము తిరుగవలెనన్న చేయి మెత్తగా తిరుగవలెను. మనమున్న చోట వీధిలో, అంగడిలో, బస్సుపైన తెలుగక్షరము కానరాదు. బిడ్డకు అది మొదట కనబడవలసినది ఇంటిలోనే. చేతికి అలవాటైన అక్షరము కంటికి కానరాని యూరనైనను మరపునకు రాదు. రోములోని పేదబిడ్డ ఎండలో కూర్చుండి సుద్దతో తన తొలిపదమును వ్రాసినట్లు, మన బిడ్డయు ఒకనాడు మన యింటి గచ్చుపై తన తొలి తెలుగు పదమును తానే వ్రాయగలడు. అందులకు ముందుగా వాని చేతికి పని యిత్తుము గాక.