ఉపరాష్ట్రపతి పీఠమునకు ఆచార్యుడు తగునా? – సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జీవితము



ఏటేట సెప్టెంబరు 5వ తేదీన మన కోటగిరి, బోధను ప్రాంతముల పాఠశాలలలో తెల్లని తలపాగా ధరించిన ఒక పెద్దమనిషి పటమునకు పూలమాల వేయుట పరిపాటి. పిల్లలు ఆయన పేరు చెప్పుదురు, గొప్ప ఉపాధ్యాయుడని చెప్పుదురు, అంతటితో ఆగుదురు. మాల వేయించు మేమును పెక్కుమాఱులు అంతటితోనే ఆగుదుము. కాని 1952లో ఆ ఉపాధ్యాయుని దేశమునందలి రెండవ పీఠమునకు అభ్యర్థిగా నిలిపినపుడు, ఆయన దానికి తగినవారేనా యను ప్రశ్న చిన్నది కాదు. వారు స్వాతంత్ర్య సమరమున చెఱసాలకు పోయినవారు కారు. సాధారణ ఎన్నికలలో ప్రజల ముందు నిలిచి ఓటు అడిగినవారు కారు. పైగా 1931లో బ్రిటిషు ప్రభుత్వ మిచ్చిన ‘సర్’ బిరుదమును స్వీకరించినవారు. త్యాగమే కొలబద్దగా నున్న ఆ దినములలో ఇవి తేలికగా కొట్టివేయదగిన మాటలు కావు. కనుక వారి జీవితమును ఈ ప్రశ్న ముందుంచుకొనియే చూతము.

రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. తండ్రి వీరాస్వామి జమీందారు కొలువులో చిన్న రెవెన్యూ ఉద్యోగి, తల్లి సీతమ్మ. ఇంటిపేరు నెల్లూరు సీమలోని సర్వేపల్లి గ్రామము నుండి వచ్చినది. తిరుపతి, వేలూరు క్రైస్తవ మిషను విద్యాలయములలోను, పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివిరి. హిందూ ధర్మమున నీతికి చోటు లేదని పలువురు మిషనరీలు విమర్శించుచుండగా, ఆ యువకుడు వేదాంతము యొక్క నీతిశాస్త్రమునే ఎం.ఏ. పరీక్షకు వ్యాస విషయముగా ఎంచుకొనెను. తన మతమును తక్కువచేయు మాటకు అలుగుటకు బదులు గ్రంథము పట్టుకొని ఉత్తరము వెదకుట వారికి అప్పటినుండియే అలవడినది.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకులైరి. రాజమహేంద్రవరమున కొంతకాలము పనిచేసి 1918లో మైసూరునకు, 1921లో కలకత్తా విశ్వవిద్యాలయమునకు పోయిరి. మైసూరు విడుచునాడు విద్యార్థులు బండి గుఱ్ఱములను విప్పి తామే రైలు స్టేషనువఱకు లాగికొనిపోయిన సంగతి అందఱు ఎఱిగినదే. రెండు సంపుటములుగా వెలువడిన వారి భారతీయ తత్త్వశాస్త్ర గ్రంథము పాశ్చాత్య దేశముల పండితులచే కూడ మన దర్శనములను శ్రద్ధగా చదివించినది.

ఇచట ఒక చేదు సంగతిని దాటిపోరాదు. 1929లో జదునాథ సిన్హా యను యువ పండితుడు, తన పరిశోధన వ్యాసములోని భాగములను రాధాకృష్ణన్ గారు తమ గ్రంథమున వాడుకొనిరని పత్రికాముఖముగా ఆరోపించెను. ఇరువురును న్యాయస్థానమున వ్యాజ్యములు వేసికొనిరి. 1933లో కోర్టు వెలుపల రాజీ జరిగినది, తీర్పు రాలేదు. తీర్పు లేని వ్యాజ్యములో మనము తీర్పరులము కానవసరము లేదు. కాని పెద్దల జీవితము వ్రాయునపుడు ఇట్టివానిని చాటున పెట్టుట వారికిని గౌరవము కాదని నా అభిప్రాయము.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ముచ్చట మన ప్రశ్నకు మఱింత దగ్గఱిది. ఉపాధ్యక్షులుగా నున్న కట్టమంచి రామలింగారెడ్డి గారు 1930లో ప్రభుత్వ దమననీతికి నిరసనగా రాజీనామా చేసిరి. 1931లో రాధాకృష్ణన్ గారు ఆ పదవిని చేపట్టిరి. నిరసనతో ఒకరు విడిచిన స్థానమున మఱియొకరు కూర్చుండుట కొందఱికి రుచింపకపోయిన వింత లేదు. అయితే అయిదేండ్లలో వారు చేసిన పని యేది? హిరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీరు వంటి యువ మేధావులను దూరదేశముల నుండి వాల్తేరునకు రప్పించిరి. వారిలో హిరేన్ ముఖర్జీ గారు పిదప లోకసభలో కమ్యూనిస్టు వక్తగా పేరొందిరి. వ్యక్తి యే రాజకీయమువాడో చూడక విద్వత్తు నెంచి తెచ్చుట నాయకత్వ లక్షణము కాదా? అనంతరము ఆక్స్‌ఫర్డులో ప్రాచ్య మతముల ఆచార్య పీఠము, 1939 నుండి 1948 వఱకు కాశీ హిందూ విశ్వవిద్యాలయ పాలన వారికి లభించినవి.

1946లో రాజ్యాంగ సభ సభ్యులైరి. 1947 జూలైలో జాతీయ పతాకమును గూర్చి చర్చ జరిగినపుడు చక్రమును ధర్మచక్రముగా వివరించి, ధర్మము చలనశీలమనియు నిలిచిపోయినది మరణమనియు బోధించిరి. ఆగస్టు 14 అర్ధరాత్రి సభలో ప్రసంగించిన కొలదిమందిలో వారొకరు. ‘సర్’ బిరుదమును స్వాతంత్ర్యానంతరము వాడుట మానిరి. 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘమునకు అధ్యక్షులై, విశ్వవిద్యాలయమున చేరుటకు ముందు పండ్రెండేండ్ల చదువు ఉండవలెననియు, గ్రామీణ విశ్వవిద్యాలయములు నెలకొల్పవలెననియు సూచించిరి. ఈ రెండవ సూచన సరిగా అమలు కాలేదన్న విచారము మా వంటి పల్లెటూరి ఉపాధ్యాయులకు నేటికిని కలదు.

1949లో జవహర్‌లాల్ నెహ్రూ గారు వారిని మాస్కోకు రాయబారిగా పంపిరి. దేవుని నమ్మని రాజ్యమునకు వేదాంతిని పంపుటయా యని ఆశ్చర్యపడిన వారు ఉండిరి. వారికి ముందు రాయబారిగా నున్న విజయలక్ష్మీ పండిత్ గారికి స్టాలిను దర్శనమే దొరకలేదు. రాధాకృష్ణన్ గారిని 1950 జనవరిలో స్టాలిను క్రెమ్లినుకు పిలిపించుకొని మాటాడెను. సెలవు తీసికొనుటకు 1952 ఏప్రిలులో మఱల కలిసికొనిరి. ఈ నడుమ మనకు సోవియట్ ధాన్యము వచ్చినది. 1952 జనవరిలో భద్రతా సమితిలో కాశ్మీరు విషయమున సోవియట్ ప్రతినిధి తొలిసారిగా మౌనము వీడి పాశ్చాత్యుల వైఖరిని విమర్శించెను. ఇది యంతయు ఒక్కని వలన జరిగినదనుట అతిశయోక్తి యగును. కాని తత్త్వవేత్తకు లోకవ్యవహారము తెలియదను మాట ఇచట నిలువదు.

ఇక ఎన్నిక సంగతి. రాజ్యాంగమున 66వ అధికరణము అడుగునది స్వల్పమే. అభ్యర్థి భారత పౌరుడై, ముప్పదియైదేండ్లు నిండి, రాజ్యసభ సభ్యత్వమునకు అర్హుడై, లాభసాటి ప్రభుత్వ పదవి లేనివాడై యుండవలెను. చదువును గూర్చి గాని, చెఱసాలను గూర్చి గాని అందు మాట లేదు. 1952లో షేక్ ఖాదిర్ హుస్సేన్ గారి నామపత్రము తిరస్కరింపబడగా రాధాకృష్ణన్ గారు పోటీ లేకయే ఎన్నికైరి. కనుక నాడు ఓటుచేత కావలసిన పరీక్ష కాలేదు. అసలు పరీక్ష పీఠమెక్కిన పిదపనే జరిగినది.

అమెరికాలో అధ్యక్షుడు మరణించిన, ఉపాధ్యక్షుడు మిగిలిన కాలమంతయు పాలించును. 1945లో ట్రూమను ఎనుబదిరెండు దినముల అనుభవముతో అట్లు గద్దె నెక్కెను. మనకడ అట్లుగాదు. ఆఱు మాసములలో క్రొత్త ఎన్నిక జరుగవలెను. అంతవఱకే ఉపరాష్ట్రపతి ఆ విధులు చూచును. నిత్యమును చేయవలసిన పని రాజ్యసభకు అధ్యక్షత వహించుట. కల్యాణమున బసవేశ్వరులు తాము మంత్రియై యుండియు శూన్య సింహాసనమున అల్లమప్రభువును కూర్చుండబెట్టిరని మన పెద్దలు చెప్పుదురు. సభను నడుపువానికి అధికారముకంటె సమబుద్ధి ముఖ్యమని ఎఱిగిన మనకు ఈ తరగతి అర్హత క్రొత్త కాదు.

1952 మే 13న 216 మంది సభ్యులతో ఆ సభ తొలుత కూడినది. ఎదుటి బల్లలపై కమ్యూనిస్టుల నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారు. ఆయనదియు నెల్లూరు సీమయే. ఏ పక్షమునకును చెందని ఆచార్యుడు అధ్యక్షుడగుట ప్రతిపక్షమునకు ఊరట యైనది. కోపము రేగిన వేళ చమత్కారముతో చల్లార్చుట, ప్రసంగము దారితప్పిన తరగతిలోని పిల్లవానిని దిద్దినట్లు దిద్దుట వారి పద్ధతి. 1954లో సభకు రాజ్యసభ యను పేరును ప్రకటించిరి. ఆ సంవత్సరమే భారతరత్న లభించినది. 1956లో భార్య శివకామమ్మ గారు మరణించిరి. మఱుసటి యేడు తిరిగి పోటీ లేక ఎన్నికైరి.

1961లో రాజేంద్ర ప్రసాద్ గారు తీవ్ర అస్వస్థులు కాగా జూలై నుండి డిసెంబరు వఱకు రాష్ట్రపతి విధులను నెఱవేర్చిరి. ఆ మాసములలో ప్రభుత్వయంత్రము ఎక్కడను తడబడలేదు. అర్హతను గూర్చిన సందేహమునకు నా దృష్టిలో ఇదియే గట్టి ఉత్తరము. 1962లో మాత్రము పోటీ జరిగినది. చౌధురి హరిరామ్, యమునా ప్రసాద్ త్రిశూలియా గార్లపై 5,53,067 ఓట్ల విలువతో రాష్ట్రపతి యైరి.

ఆ అయిదేండ్లు సుఖముగా గడువలేదు. చైనా దండయాత్ర, 1964లో నెహ్రూ మరణము, 1965 యుద్ధము, 1966 జనవరిలో శాస్త్రి గారి మరణము వరుసగా వచ్చినవి. రెండుమాఱులు తాత్కాలిక ప్రధానిని, రెండుమాఱులు క్రొత్త ప్రధానిని ప్రమాణము చేయించిరి. 1967 గణతంత్ర దినపు పూర్వసంధ్యలో దేశవనరుల దుర్వినియోగమును, అసమర్థతను బహిరంగముగా ఎత్తిచూపిరి. తన ప్రభుత్వమునే రాష్ట్రపతి అట్లనుట కొందఱికి కటువుగా తోచినది. ఉపాధ్యాయుడు తప్పును తప్పనుట మానునా?

పిదపి ఉపరాష్ట్రపతులలో బరంపురపు తెలుగువారు వి.వి. గిరి గారును, మన బసవ సమితి వ్యవస్థాపకులు బసప్ప దానప్ప జత్తి గారును రాష్ట్రపతి మరణించినపుడు ఆ విధులు నిర్వహింపవలసి వచ్చినది. జత్తి గారి చరిత్ర వేఱొక వ్యాసమునకు తగినది.

1967 మే నెలలో రాధాకృష్ణన్ గారు ఢిల్లీ విడిచి మద్రాసులోని ‘గిరిజ’ యను తమ ఇంటికి చేరిరి. 1975 ఏప్రిలు 17న అచటనే, మద్రాసు నగరమున, ఎనుబదియాఱేండ్ల వయసున కాలధర్మము చెందిరి. ఆ ఇల్లున్న వీధి ఒకప్పుడు ఎడ్వర్డ్ ఎలియట్ దొర పేర నుండెడిది. ఇపుడు దానిని రాధాకృష్ణన్ సాలై యందురు.