పిడికెడు బియ్యం: బిషప్ అజరయ్య గారి జీవితం

తమిళ సీమలో జన్మించి, తెలుగువారి మధ్య జీవించి, తెలుగు నేలపైనే తనువు చాలించిన మహనీయులలో బిషప్ వేదనాయగం సామ్యూల్ అజరయ్య గారు అగ్రగణ్యులు. ఆండిపట్టి ప్రాంతపు తెలుగు కుటుంబాల పూర్వులు తమ భాషను వెంటబెట్టుకొని దక్షిణానికి తరలివచ్చారు. అజరయ్య గారు దక్షిణం నుండి ఉత్తరానికి వెళ్ళి, ఆ భాషను కష్టపడి నేర్చుకొని, దానిలోనే సేవ చేశారు. అందుచేత ఆ కుటుంబాలకు ఆయన చరిత్ర ఆత్మీయమైనది.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం గారు గ్రామ సంఘ గురువు. తల్లి ఎలెన్ గారి క్రమశిక్షణలో పెరిగిన అజరయ్య గారు మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివారు గాని పట్టం అందుకోలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. సేవలో ప్రవేశించారు. 1898లో, ఆనాటికే కళాశాల విద్య నభ్యసించిన అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడారు.

భారతీయ క్రైస్తవులు పరదేశపు ధనం కొరకు ఎదురుచూడక, దేవుడు తమకిచ్చిన దానితోనే దేవుని పని సాగించాలన్నది ఆయన దృఢ విశ్వాసం. ఆ విశ్వాసానికి ఫలంగా 1903లో పాళయంకోట్టైలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ వెలసింది. ఆ సంస్థ నిజాం రాజ్యంలోని డోర్నకల్లు ప్రాంతాన్ని తన సేవాక్షేత్రంగా ఎన్నుకొన్నది. 1909లో అజరయ్య గారు తమ ఉన్నత పదవిని విడిచి, గురుపట్టం పొంది, తామే అక్కడికి వెళ్ళారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానమందిన మొదటి భారతీయుడు ఆయనే.

డోర్నకల్లు అధ్యక్ష మండలంలోని విశ్వాసులలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలకు చెందిన వ్యవసాయ కూలీలు. పగలంతా పొలాలలో శ్రమించి, రాత్రి బడులలో అక్షరాలు దిద్దినవారు. పూట గడవడమే కష్టమైన అట్టివారిని సంఘానికి ఇమ్మని అడగడం న్యాయమా? ఈ ప్రశ్నను అజరయ్య గారు తప్పించుకోలేదు. పేదవానికి ఇచ్చే అవకాశం లేకుండా చేయడమే అతనిని అవమానించడమని ఆయన భావించారు. ఎల్లప్పుడూ పుచ్చుకొనే చేయి తనకిచ్చిన మనిషిని తలచుకొంటుంది. తానూ ఇవ్వనేర్చిన చేయి అందరికీ ఇచ్చే దేవుని తలచుకొంటుంది.

ఆ సంఘాలలో ప్రబలిన పిడికెడు బియ్యం ఆచారంలో ఈ బోధ కనిపిస్తుంది. ఇల్లాలు వంటకు బియ్యం కొలుచుకొన్నప్పుడెల్ల, ఎసట్లో పోయకముందే ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేసేది. ఆ బియ్యం ఆరాధన దినాన ఆలయానికి చేరేది. కోతల పండుగనాడు ధాన్యం, కోళ్ళు, కూరగాయలు కానుకలుగా వచ్చేవి. చూడబోతే అది చిన్న పని. కాని తినబోయే అన్నం తన కష్టఫలం మాత్రమే కాదని, దేవుని దయ అని ఒప్పుకోవడం అందులో ఉన్నది. ఆ పిడికెడు తగ్గినా రేపటి పూటను దేవుడే చూచుకొంటాడన్న నమ్మకమూ ఉన్నది. ప్రార్థన పెదవుల మీదనే నిలిచిపోక పొయ్యి దగ్గరికి వచ్చింది.

డోర్నకల్లు మహాదేవాలయ నిర్మాణమూ అట్టి ఓర్పుతోనే ఏళ్ళ తరబడి సాగింది. మందిరాల స్తంభాలను, మసీదుల గుమ్మటాలను తలపించే ఆ భవనం 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైనది. క్రీస్తు ప్రత్యక్షత పండుగనాడు, ఆ పండుగ పేరిటనే దానిని దేవునికి సమర్పించారు. రెండు లక్షలకు పైబడిన విశ్వాసులకు కాపరిగా ఉండి, 1945 జనవరి 1న అజరయ్య గారు డోర్నకల్లులోనే పరమపదించారు. తాము ఎంతగానో ఆకాంక్షించిన దక్షిణ భారత సంఘైక్యం 1947 సెప్టెంబరు 27న నెరవేరింది. దానిని కన్నులారా చూచే భాగ్యం ఆయనకు కలుగలేదు.

విత్తినవాడే కోయవలెనన్న నియమం లేదు. చేయవలసినది చేసి, ఫలితాన్ని దేవుని చేతిలో ఉంచి, కీర్తిని ఆయనకే అర్పించడం గొప్పవారికి మాత్రమే సాధ్యమైన వ్రతం కాదు. పిడికెడు బియ్యం ఉన్న ప్రతి ఇంటికీ అది సాధ్యమే.