బ్యాటరీ, హైడ్రోజన్ రెండు బాటల్లోనూ నడిచిన న్యాయమూర్తి విలియం గ్రోవ్

బెల్తరా (బిలాస్‌పూర్): బొగ్గు గనులకు పేరొందిన ఛత్తీస్‌గఢ్‌లో హైడ్రోజన్‌తో నడిచే భారీ ట్రక్కును 2025 మే నెలలో ప్రారంభించారు. 40 టన్నుల వరకు సరకును 200 కిలోమీటర్ల దూరం చేరవేయడం దాని సామర్థ్యం. రేపటి వాహనాలకు ఆధారం హైడ్రోజనా, బ్యాటరీయా అన్న చర్చకు ఇది మరింత ఊతమిచ్చింది. 19వ శతాబ్దంలోనే ఈ రెండు మార్గాలనూ పరీక్షించిన శాస్త్రవేత్త సర్ విలియం రాబర్ట్ గ్రోవ్.

గ్రోవ్ 1811 జూలై 11న వేల్స్‌లోని స్వాన్సీలో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1835లో న్యాయవాది అయ్యారు. అనారోగ్యం ఆయనను కొంతకాలం వృత్తికి దూరం చేసి, విజ్ఞానశాస్త్రం వైపు మళ్లించింది. 1839లో జింకు, ప్లాటినం, నైట్రిక్ ఆమ్లాలతో శక్తిమంతమైన విద్యుత్ ఘటాన్ని రూపొందించారు. విషవాయువులు వెలువడుతున్నా, అమెరికా టెలిగ్రాఫ్ వ్యవస్థ దానిని విస్తృతంగా వినియోగించుకుంది.

విద్యుత్తు నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడదీస్తుంది. ఆ రెండూ తిరిగి కలిస్తే విద్యుత్తు పుట్టాలి కదా అన్నది గ్రోవ్ ఆలోచన. ఆమ్లంలో ముంచిన ప్లాటినం పలకలకు ఈ వాయువులను అందించి, 1842లో వాయు బ్యాటరీని నిర్మించారు. నేటి ఫ్యూయల్ సెల్‌కు అదే మాతృక. ఇదే కాలంలో జర్మన్-స్విస్ శాస్త్రవేత్త షోన్‌బైన్ కూడా ఈ ప్రభావాన్ని గమనించారు. వాయువు, ద్రవం, ప్లాటినం మూడూ కలిసే చోటే చర్య జరుగుతుందని, ఆ ఉపరితలం పెరగాలని గ్రోవ్ గుర్తించారు. ఆ చిక్కు వీడటానికి శతాబ్దానికి పైగా పట్టింది. 1960లలో అపోలో వ్యోమనౌకలకు విద్యుత్తు అందించింది ఫ్యూయల్ సెల్‌లే.

వేడి, కాంతి, విద్యుత్తు ఒకదాని నుంచి మరొకటి రూపాంతరం చెందుతాయని గ్రోవ్ 1846లో ప్రచురించిన గ్రంథంలో ప్రతిపాదించారు. నేటి చర్చకు కొలమానం ఈ రూపాంతరాలే. విద్యుత్తుతో హైడ్రోజన్‌ను తయారుచేసి, ట్యాంకులో కుదించి, మళ్లీ విద్యుత్తుగా మార్చితే చక్రాలకు చేరేది సుమారు మూడో వంతే. బ్యాటరీలో నష్టం చాలా తక్కువ కనుక కార్లకు అదే అనువైనది. అయితే భారీ బరువుతో దూరం వెళ్లే వాహనాలకు బ్యాటరీయే పెనుభారమవుతుంది. త్వరగా నింపుకోగల హైడ్రోజన్‌కు అక్కడ చోటుంది.

1871లో న్యాయమూర్తి అయిన గ్రోవ్ 1896 ఆగస్టు 1న లండన్‌లో కన్నుమూశారు. రెండు ఆవిష్కరణల్లో ఒకటి వెంటనే అక్కరకు రాగా, రెండోది ఆయన మరణానంతరం చాలాకాలానికి గాని ఫలించలేదు.