రామచంద్రన్ గీసిన పటం

మా బయోకెమిస్ట్రీ పుస్తకంలో ఒక చదరపు బొమ్మ ఉంది. అందులో రెండు మూడు మచ్చలు, తక్కినదంతా దాదాపు ఖాళీ. దాని పేరు రామచంద్రన్ మ్యాప్. రెండు మార్కుల ప్రశ్న కదా అని బట్టీపట్టి వదిలేశాను. ఆ బొమ్మ వెనక ఒక పెద్ద వాదం, ఒక మనిషి పట్టుదల ఉన్నాయని తర్వాత తెలిసింది. మిత్రులతో పంచుకోవాలనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

జి. ఎన్. రామచంద్రన్ 1922 అక్టోబరు 8న ఎర్నాకుళంలో పుట్టారు. తండ్రి లెక్కల ప్రొఫెసరు. 1942లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరితే, సర్ సి. వి. రామన్ ఆయన్ని ఫిజిక్సు వైపు లాక్కున్నారు. కేంబ్రిడ్జిలో డాక్టరేటు చేసి వచ్చి, 1952లో మద్రాసు విశ్వవిద్యాలయం ఫిజిక్సు శాఖకు అధిపతి అయ్యారు. అప్పటికి ఆయనకు ముప్పయ్యేళ్లే!

మన చర్మంలో, ఎముకల్లో ఉండే కొలాజెన్ అనే ప్రోటీన్ ఏ ఆకారంలో ఉంటుందో అప్పటికింకా తేలలేదు. అది మూడు గొలుసుల పేనిక అని 1954లో రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రకటించారు. మా ఇంట్లో మూడు పాయలతో ఎడ్లకు పగ్గం పేనడం చూసినవాణ్ణి గనక నాకిది చప్పున అర్థమైంది. ఒక్క పాయ పుటుక్కున తెగుతుంది. మూడూ కలిస్తే ఎద్దును ఆపుతుంది.

కాని ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ వంటి ఉద్దండులు దాన్ని తప్పుపట్టారు. ఆ నమూనాలో కొన్ని పరమాణువులు ఉండకూడనంత దగ్గరగా ఇరుక్కున్నాయన్నారు. మనమైతే ఏం చేస్తాం? కోపగించుకుంటాం, లేదా ఆ దారే వదిలేస్తాం. ఆయన మాత్రం అసలు ఎంత దగ్గరైతే మరీ దగ్గర అవుతుందని తనను తాను ప్రశ్నించుకున్నారు. అప్పటికి తెలిసిన స్ఫటికాల నిర్మాణాలన్నీ శిష్యులతో కలిసి వెతికి, పరమాణువుల మధ్య దూరాలు పోగుచేశారు.

తర్వాత జామెట్రీ మొదలైంది. ప్రోటీన్ గొలుసులో ప్రతి కణుపు దగ్గరా ముఖ్యంగా రెండు మలుపులుంటాయి. వాటి కోణాలే ఫై, సై. కిక్కిరిసిన బస్సులో చెయ్యి ఎటుపడితే అటు తిప్పగలమా? పక్కవాడికి తగులుతుంది. గొలుసు సంగతీ అంతే. ఒక్కో కోణాల జతకూ పరమాణువుల దూరాలు లెక్కకట్టి, గుద్దుకునేవి కొట్టేస్తే, మిగిలినవే ఆ మచ్చలు. ఈ లెక్కలు బల్లమీది లెక్కయంత్రాలతో చేశారు. రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి 1963లో ఆ పటం అచ్చువేశారు.

1971లో లక్ష్మీనారాయణన్‌తో కలిసి, ఎక్స్‌రే నీడల నుంచి లోపలి బొమ్మను తిరిగి కట్టే గణిత పద్ధతి ఇచ్చారు. సి.టి. స్కానింగుకు అది ఎంతో పనికొచ్చింది. 1977లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. నోబెల్ మాత్రం రాలేదు. చివరి ఏళ్లు జబ్బుతో గడిచాయి. 1998లో భార్య పోయారు. 2001 ఏప్రిల్ 7న చెన్నైలో ఆయన కన్నుమూశారు. ఈనాటికీ ఎవరు కొత్త ప్రోటీన్ నిర్మాణం తేల్చినా, కంప్యూటరు దాన్ని ఆయన పటం మీద పెట్టి పరీక్షిస్తుంది.

మొన్న ప్రాక్టికల్స్‌లో నా రీడింగు తప్పంటే మొహం మాడ్చుకుని రికార్డు మూసేశాను. ఈయన సంగతి చదివాక మళ్లీ తెరిచి కొలిచాను. తప్పు నాదే. అయినా ఈసారి సిగ్గనిపించలేదు.